క్యారెట్ గుజ్జూ, మా కోడలి పెదవులూ

మా కోడలు కుట్టుపనిలో ఎంత గట్టిదో వంటింట్లో అంత చాదస్తురాలు. ముందు గట్టితనం సంగతే చెబుతాను. లేకపోతే ముసలావిడ ఊరికే కోడల్ని ఆడిపోసుకుంటోందంటారు.

ఆడవాళ్ళ గౌన్లు కుట్టే దుకాణంలో ఆమెది పదకొండేళ్ళ పని. మొదటి మూడేళ్ళూ గుండీలు, కాజాలు. తరువాత అంచులు మడవడం, ఆపైన చేతులు అతకడం. అలా ఒక్కో మెట్టూ ఎక్కి, కిందటేడు కిటికీ పక్క మిషను దక్కించుకుంది. పగటి వెలుతురు సూటిగా పడే మిషను ఆ దుకాణంలో అదొక్కటే. నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టగలిగినవాళ్ళకే ఆ చోటిస్తారు. ఆ రోజు ఇంటికొచ్చి, "అత్తయ్యా, కిటికీ ఇచ్చారు" అని ఒక్క ముక్క చెప్పి కళ్ళు తుడుచుకుంది. నాకేం అర్థం కాలేదు. కిటికీ ఇస్తే ఎక్కడ పెట్టుకుంటామే అన్నాను.

ఆమె మాటలన్నీ అలా ఒక్కో ముక్కే. దానికో కారణముంది. బట్ట సరిచూసేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుంటుంది. వదులున్న చోట మడత పట్టి, నోట్లోంచి ఒక్కో సూదీ తీసి గుచ్చుతుంది. పక్క మిషను ఆవిడ ఒకసారి సూదులు నోట్లో ఉండగా నవ్వి, ఒకటి మింగి, వారం రోజులు ఆస్పత్రిలో పడుంది. అప్పటినుంచి మా కోడలు పనిమీదుంటే పెదవులు విప్పదు. ఏమడిగినా "ఊఁ", లేదంటే "ఊఁహూఁ". ఇంటికొచ్చాక ఉల్లిపాయ తరుగుతున్నా మూతి బిగించే ఉంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో మొహం మాడ్చుకుందనుకుని నెలరోజులు నేనూ మాడ్చుకున్నాను.

ఇక పాప సంగతి. ఆరునెలలు నిండిన మనవరాలు. తల్లిపాలు తప్ప ఏదీ నోటికి తగలనివ్వదు. సీసా పెడితే తల పక్కకి తిప్పేస్తుంది. కాన్పుకని ఇంటిపట్టునున్న కోడలికి దుకాణంలో కత్తిరింపు మేస్త్రీ ఫోను చేసి, "సోమవారానికి వస్తే సరే. లేకపోతే ఆ మిషను ఇంకొకరికిస్తాను, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. అనుకోకుండా ఎలా ఉంటారు? సోమవారానికి పదిరోజులుంది. పొద్దున వెళితే సాయంత్రం గానీ రాదు. ఈలోగా పాప చెంచాతో నాలుగు ముద్దలు తినడం నేర్చిందా, కోడలు పనికి పోతుంది. లేదా, పదకొండేళ్ళ కష్టం పోయి, ఆ కిటికీ పక్కన ఇంకొకరు కూర్చుంటారు.

టీకాలు వేసే నర్సు ఒక కాగితమిచ్చింది. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని నేనూ చదివాను. కూరగాయలు ఆవిరి మీద ఉడికించాలట. వేళ్ళ మధ్య నొక్కితే చితికేదాకా ఉడకాలట. పాలతోనో ఉడికిన నీళ్ళతోనో పలచన చేయాలట. ఉప్పు వద్దు, పంచదార వద్దు. ఒక కొత్త పదార్థం పెడితే మూడురోజులు అదే పెట్టి చూడాలి.

"కాస్త తేనె నాలిక్కి రాస్తే నోరు అదే తెరుస్తుంది" అన్నాను నర్సుతో.

"ఏడాది నిండేదాకా తేనె మాట ఎత్తకండి మామ్మగారూ. పసివాళ్ళకి ప్రమాదం."

"నలుగుర్ని పెంచానమ్మా నేను."

"అందుకే మీకు చెబుతున్నా. తల్లులు వింటారు, మామ్మలే వినరు" అంది. ఆ నర్సుకి నోటి దురుసెక్కువ. నాకు నచ్చింది.

అక్కడినుంచి మొదలైంది నా తలనొప్పి. ఒక క్యారెట్ ఉడికించి చిదమడానికి మా కోడలు గంటన్నర తీసుకుంది! ముక్కలన్నీ ఒకే మందం ఉండాలని కొలబద్ద పెట్టి తరిగింది. మిక్సీలో తిప్పింది. జల్లెడ పట్టింది. అది చాలదని, పలచటి నూలుగుడ్డతో సంచీలాంటి వడపోత గుడ్డ తనే కుట్టి, అంచులు మడిచి, అందులో వేసి పిండింది. చివరికి గిన్నెలో మిగిలింది మూడు చెంచాలు. గుడ్డలో మిగిలిందేమో నా పాలిట పడింది, ఉతకడానికి.

"గరిటె వెనకతో నాలుగు దెబ్బలేస్తే అయ్యే పనికి ఇంత ఆర్భాటమా?"

"పీచు తగులుతుందత్తయ్యా."

"నీ మొగుడు పీచు తినే ఇంతవాడయ్యాడు."

"ఊఁ" అంది. ఆ "ఊఁ"లో ఏముందో నాకు తెలుసు.

ఆ మూడు చెంచాల్లో ఒక్కటీ లోపలికి పోలేదు. చిన్న కుర్చీలో దిండ్లు అమర్చి కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టి, చెంచా నోటిదాకా తెచ్చేసరికి పాప పెదవులు రెండూ గట్టిగా అతుక్కుపోయాయి. బుగ్గ నొక్కినా లాభం లేదు. మావాడు, అదే పాప తండ్రి, లిఫ్టులు బాగుచేసే మనిషి. వాకిట్లో నిలబడి చూసి, "తాళంకప్పరా మా తల్లి" అన్నాడు. ఆ పూటనుంచి దాని పేరు తాళంకప్పే.

మూడురోజులు క్యారెట్. మూడురోజులు ఆపిలు. మిగిలినదంతా ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, ట్రే మీద బట్టలకి గీతలు గీసే సుద్దతో తేదీలు వేసింది కోడలు. మావాడు ఎండన పడొచ్చి, అవి రంగురంగుల ఐసు ముక్కలనుకుని నిమ్మరసంలో నాలుగు వేసుకు తాగాడు.

"అమ్మా, నిమ్మకాయకి ఏదో రోగమొచ్చినట్టుంది."

"నీకొచ్చింది రోగం! మీ ఆవిడ గంటన్నర కష్టాన్ని గటగటా తాగేశావు."

"పోన్లేమ్మా, ఇంట్లో ఒక్కడైనా తిన్నాడుగా."

కోడలు నవ్వలేదు. మళ్ళీ క్యారెట్లు కడగడానికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో చెప్పలేను. ఆ క్యారెట్ల మీదే కావచ్చు.

ఏడోనాడు నేనే రంగంలోకి దిగాను. "నువ్వు లే. నలుగుర్ని పెంచిన చెయ్యి ఇది" అని చిలగడదుంప ఉడికించి, గరిటె వెనకతో చిదిమి, ఉడికిన నీళ్ళు కాస్త కలిపాను. వడపోత గుడ్డ జోలికి పోలేదు. చెంచా ఎత్తాను. పాప నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను. తాళంకప్ప. రెండో పూట, అదే తాళంకప్ప. మూడో పూట చెంచా తోసేస్తే గుజ్జు నా కళ్ళజోడు మీద పడింది. మావాడు దగ్గడం మొదలుపెట్టాడు. వాడి దగ్గు నాకు తెలీదా? ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నాను.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం కోడలు చివరిసారి కూర్చుంది. నేను పక్కన బల్ల మీద చేరి చూస్తున్నాను. పది చెంచాలు ఎత్తింది, పదీ దించింది. గిన్నె కింద పెట్టి, చాలా మెల్లగా అంది.

"మేస్త్రీగారికి ఫోను చేస్తానత్తయ్యా. రాలేనని."

"ఏమిటీ?"

"పిల్లని ఆకలితో వదిలి వెళ్ళలేను. మిషనుదేముంది, ఎప్పటికైనా దొరుకుతుంది."

దొరకదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కళ్ళు తుడుచుకోలేదు. కిటికీ వచ్చిన రోజు తుడుచుకున్న మనిషి, పోతున్న రోజు తుడుచుకోలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఫోను అక్కడ పెట్టు. ఇంకొక్క చెంచా ఎత్తు. ఎత్తవే అంటుంటే!"

ఎత్తింది. అప్పుడు చూశాను. నా కళ్ళకి ఏం పొరలు కమ్మాయో, పదిరోజులుగా కనబడనిది అప్పుడు కనబడింది. చెంచా కదలగానే కోడలి పెదవులు బిగుసుకున్నాయి. పాప చూపు చెంచా మీద లేదు, తల్లి నోటి మీద ఉంది. తల్లి మూతి ఎలా బిగిసిందో, పిల్ల మూతీ అచ్చం అలాగే బిగిసింది. ఒక మూసలో పోసిన రెండు మూతులు!

"నువ్వు నోరు తెరవవే!" అని అరిచాను.

"నాకెందుకత్తయ్యా, నేను తిన్నాగా."

"నువ్వు తెరిస్తేనే అది తెరుస్తుంది. సూదులేమైనా పెట్టుకున్నావా నోట్లో?"

పాపం, తెరవబోయింది. చెంచా దూరంగా ఉన్నంతసేపూ తెరిచే ఉంచింది. అది పాప నోటి దగ్గరికి పోయేసరికి, ఏదో సన్నటి కుట్టు వేస్తున్నట్టు కళ్ళు చిట్లించింది, పెదవులు టక్కున మూసుకున్నాయి. మూడుసార్లు అంతే. "రావడం లేదత్తయ్యా" అంది. పదకొండేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా?

"ఇలా తే" అని చెంచా లాక్కున్నాను. లాక్కున్నాక గానీ నా సంగతి నాకు గుర్తుకురాలేదు.

రెండు నెలల కిందట నా పైవరస ముందుపళ్ళు నాలుగూ తీసేశారు. కట్టుడుపళ్ళు ఇచ్చారు. అవి పెట్టుకుంటే చిగుళ్ళు కోసుకుపోతున్నాయని గ్లాసులో వేసి, గ్లాసు అలమారలో పెట్టాను. అప్పటినుంచి మాట్లాడితే అరచెయ్యి అడ్డం. కోడలి ముందు బోసినోరు పెట్టుకుని ఎవరు తిరుగుతారు? పాపకి పెట్టేటప్పుడు ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో చెంచా. అడ్డం పెట్టడానికి మూడో చెయ్యి లేదు. కనుక నేనూ మూతి బిగించే కూర్చున్నాను. పైగా, అంతకుముందు ఆరురోజులూ కోడలి చేతకానితనమని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా.

మావాడు వాకిట్లోనే ఉన్నాడు. కోడలు ఎదురుగా ఉంది. "మీరిద్దరూ అటు తిరగండి" అన్నాను.

"ఎందుకమ్మా?"

"తిరగరా అంటే!"

తిరిగారు. నేను పాప వైపు వంగి నోరంతా తెరిచాను. "ఆఁ..."

పాప బిత్తరపోయింది. నా చిగుళ్ళకేసి అలాగే చూసింది. దానికీ పళ్ళు లేవు కదా, ఇంట్లో ఇన్నాళ్ళకి తనలాంటిది ఇంకొకతె కనబడ్డట్టుంది. కిలకిల నవ్వింది. నవ్వు సగంలో "ఆఁ" అని నోరు తెరిచింది. చెంచా లోపలికి పోయింది. సగం గడ్డం మీదకొచ్చింది, సగం దిగింది. గుటక వేసింది. నేను చూశాను, గొంతు కదిలింది.

"ఆఁ" అన్నాను మళ్ళీ. "ఆఁ" అంది అది.

ఏడో చెంచాకి నాకు అనుమానమొచ్చి తల తిప్పాను. ఇద్దరూ ఎప్పుడో ఇటు తిరిగి చూస్తున్నారు. కోడలి నోరు బార్లా తెరుచుకుని ఉంది. తెరుచుకుని ఉన్నట్టు ఆమెకి తెలీదు.

"ఇప్పుడు తెరిచావా? ఈ పని పదిరోజుల కిందట చేస్తే ఏం పోయింది?"

"మరి మీరత్తయ్యా?" అంది.

గిన్నె చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి వెళ్ళాను.

సోమవారం కోడలు పనికి వెళ్ళింది. వెళ్ళేముందు నాకు పావుగంట పాఠం చెప్పింది. ఐసు ముక్క ఒక్కసారే వేడిచేయాలట, మిగిలితే పారేయాలట, మళ్ళీ పెట్టకూడదట. మణికట్టు మీద పట్టీలా కట్టుకునే మెత్తటి సూదుల దిండు రాత్రికి రాత్రి కుట్టుకుంది. ఇకనుంచి సూదులు అందులో గుచ్చుకుంటుందట. సాయంత్రం వస్తూనే చెప్పుల కాళ్ళతో లోపలికొచ్చి, "తిందా?" అంది.

"నాలుగు ముక్కలు. వంటింటి గోడ ఇంకో రెండు తింది."

"వడపోశారా అత్తయ్యా?"

చూశారా? మిషను దక్కింది, పిల్ల తింది. అడిగిన రెండోమాట అదీ. రేపటినుంచి బఠాణీలట. ఉడికాక ఒక్కో గింజకీ తొక్క తీయాలట, నేనే తీయాలట. గ్లాసులో పళ్ళు గ్లాసులోనే ఉన్నాయి. డాక్టరు రమ్మంటున్నాడు, సరిచేసిస్తానంటున్నాడు. మనవరాలికి నాలుగు పళ్ళొచ్చాక చూద్దాంలే అని కబురు పంపాను.