ఆమెన్ ఎప్పుడనాలి

మొన్న చెవిలో హోరు తగ్గడం లేదని విజయవాడలో చెవి పరీక్షకు వెళ్ళాను. మందపాటి గోడల చిన్న గదిలో కూర్చోబెట్టి, అద్దానికి అవతల నుంచి ఒక అమ్మాయి మైకులో మాటలు చెబుతుంటే నేను తిరిగి చెప్పాలట. ఆ పిల్ల మాట్లాడేముందు నోటికి అట్టముక్క అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. “నోరు దాచుకుని మాట్లాడితే ఎవరికి వినబడుతుందమ్మా?” అన్నాను. “వినబడకపోయినా పెదాలు చూసి చెప్పేస్తారు మేడం. ఇక్కడ పరీక్ష చెవికండీ, కళ్ళకి కాదు” అంది. ఏదో అనబోయి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం మా ఇంట్లో వాళ్ళెవరూ నమ్మరు. ఊరుకోవడానికి కారణం మా పిన్ని, బాబాయి గుర్తుకు రావడమే.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. బాబాయికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. రోజంతా రేకు మీద సుత్తి. ఆ మోతలో ఆయన చెవులు ఎప్పుడు పోవడం మొదలైందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెవులు ఒక్కసారి పోవు, సన్నటి చప్పుళ్ళ వైపు నుంచి కొరుక్కుంటూ వస్తాయి. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందని అడిగితే “కుక్కర్ పెట్టారా?” అనేవాడు. మేం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అందరం నవ్వేవాళ్ళం. పిన్ని మాట మాత్రం ఆయనకు ఎప్పుడూ దాటిపోలేదు. ఆవిడది కాస్త బొంగురు కలిసిన నిండు గొంతు, చర్చిలో ఆడవాళ్ళ వరసలో పాట ఎత్తుకుంటే మైకు పక్కన పెట్టేసేవారు. రాత్రి భోజనానికి ముందు ప్రార్థన కూడా ఆవిడే చేసేది. తలమీదికి పమిట లాక్కుని, బంధువుల రోగాలు, పక్కింటి వాళ్ళ కోర్టు గొడవ, కాలవ నీళ్ళు, అన్నీ దేవుడికి వివరంగా చెప్పేది. కూర చల్లారేది. అందరం కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళం, ఆవిడ ముగించగానే బాబాయి “ఆమెన్” అనేవాడు. ఇంటి యజమాని ఆ మాట అన్నాకే అన్నం మీద చెయ్యి పడాలి. అది వాళ్ళింటి పద్ధతి.

తర్వాత పిన్నికి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, గొంతూ పోయింది. నోట్లోంచి గాలి వస్తోంది, మాట ఆకారం ఉంది, స్వరం లేదు. డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. గొంతులో రెండు మడతలు ఉంటాయట, ఊపిరి తగిలి అవి అదిరితేనే స్వరం పుడుతుందట, ఒక మడతకు వెళ్ళే నరం పని చేయడం లేదట. “నాలుక, పెదాలు బాగానే ఉన్నాయి కదమ్మా, గుసగుసగా మాట్లాడొచ్చు” అన్నాడు. “ఎవరితో మాట్లాడాలండీ?” అన్నాను. పాపం ఆయనకు అర్థం కాలేదు. గుసగుస అంతా సన్నటి బుస. స, చ, త, క లాంటి ఊపిరి చప్పుళ్ళు. బాబాయి చెవి ముందుగా వదులుకున్నవి సరిగ్గా అవే. ఆయనకు వినబడేది ఆవిడ పోగొట్టుకుంది, ఆవిడకు మిగిలింది ఆయనకు వినబడదు. చెవి మిషన్ పెట్టించాం. దాంట్లో గిన్నెల మోత పెరిగింది తప్ప పిన్ని మాట రాలేదు.

ఒక శనివారం ఉదయం పిన్ని చేతిసంచితో బస్సు దిగి హనుమాన్ జంక్షన్‌లో మా ఇంటికి వచ్చేసింది. ముందు రోజు రాత్రి ప్రార్థనలో వాళ్ళ కూతురి గురించి చెప్పుకుంటోందట. ఆ పిల్లకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు, మళ్ళీ నెల తప్పింది. పిన్ని ఆ మాట దగ్గరకు వచ్చేసరికి బాబాయి “ఆమెన్” అనేసి చేపల పులుసు గిన్నె ముందుకు లాక్కున్నాడు. “దాని పేరు ఎత్తానో లేదో ఆపేశాడే అక్కా” అని మా అమ్మ చెవిలో పిన్ని ఊపిరితో చెప్పింది. “ఆయనకి నేను లేనట్టే. ఇంక వెళ్ళను.” ఏడుపుకు కూడా చప్పుడు లేదు. నాకు అది చూడబుద్ధి కాలేదు.

ఆదివారం ఆరాధన అవగానే బాబాయి వచ్చాడు. నేను గుమ్మంలోనే పట్టుకున్నాను. “పులుసుకి అంత తొందరా బాబాయి?” అని ఆయన చెవి దగ్గర అరిచాను.

“ఎక్కడ ఆగిందో తెలీలేదమ్మాయ్. ఎప్పుడూ ఎంతసేపు చేస్తదో అంతసేపు ఆగి అన్నా.”

“షెడ్డులో అంత మోతలో మీవాళ్ళ మాటలు ఎట్లా తెలిసేవి?”

“మూతులు చూసేవాళ్ళం.”

“మరి పిన్ని మూతి చూడటానికేం?”

“ఇంట్లో చూడాల్సిన పనేముంది, వినబడేదిగా” అన్నాడు. “అయినా ప్రార్థనలో కళ్ళు తెరుస్తారంటమ్మా?”

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అమ్మ పిన్నిని ప్రార్థన చేయమంది. పిన్ని తల అడ్డంగా ఊపింది. “నువ్వు చేస్తేనే అన్నం, లేకపోతే ఎత్తేస్తా” అంది అమ్మ. పిన్ని పమిట లాక్కుంది. బాబాయి కుర్చీ జరుపుకుని, కిటికీ వెలుతురు ఆవిడ ముఖం మీద పడేట్టు ఎదురుగా కూర్చున్నాడు. “మరిదిగారూ, కళ్ళు మూసుకోండి” అని అమ్మ కసిరింది. ఆయన మూసుకోలేదు. నాకెలా తెలుసంటే, నేనూ మూసుకోలేదు. సువార్త సభలో కూడా అంత కదలకుండా కూర్చోలేని మనిషి, ఆవిడ పెదాల మీద చూపు పెట్టి, తన పెదాలు కూడా కొంచెం కొంచెం కదిలిస్తూ కూర్చున్నాడు. కూతురి పేరు దగ్గర ఆయన పెదాలు కూడా ఆ పేరే పలికాయి. పిన్ని ముగించి కళ్ళు తెరిచింది. ఆయన అప్పటికీ అనలేదు. “అయిపోయిందా?” అని అడిగాడు. ఆవిడ తల ఊపాక అప్పుడన్నాడు ఆమెన్. మర్నాడు ఇద్దరూ కలిసే బస్సెక్కారు.

అక్కడితో అంతా బాగుపడిందని రాస్తే అబద్ధం. కూతురికి కాన్పు క్షేమంగా అయింది, అది నిజం. కానీ పెదాలు సగం మాటలే చెబుతాయి, మిగతా సగం నోటి లోపల తయారవుతాయి. అక్కడికి చూపు వెళ్ళదు. పిన్ని వంటింట్లోంచి ఏమన్నా ముందుగదిలోకి రాదు. కరెంటు పోతే వాళ్ళ మాట సగంలో ఆగిపోతుంది. ఆవిడ ఇప్పుడు అవసరమైనవే మాట్లాడుతుంది. పోట్లాడటం మానేసింది, ఊపిరితో ఎంతసేపు పోట్లాడగలరు ఎవరైనా? నాకు అన్నిటికంటే భయం వేసేది అదే. బాబాయి మాత్రం ఆవిడ పెదవి కదిలితే చాలు, చేతిలో పని వదిలి ఎదురుగా వచ్చి నిలబడతాడు.

ఈ మధ్య ఆయన రెండు కళ్ళలోనూ శుక్లం ముదురుతోందన్నారు. ఆపరేషన్ చేయించుకోమంటే వాయిదా వేస్తున్నాడు. కట్టు విప్పేదాకా ఆవిడ ఏమైనా చెబితే ఎట్లాగని ఆయన బాధ. నేను వాదించాను, తిట్టాను, ఇంకా తిడుతూనే ఉన్నాను. ఆయన చెవిని కాలం ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తీసుకుంది, ఆవిడ గొంతును ఒక్క పూటలో తీసేసుకుంది. ఇప్పుడు ఆ కళ్ళ దగ్గరకొచ్చి, తొందరేమీ లేనట్టు నిలబడి ఉంది.