అత్తమ్మ మార్చిన నిద్రవేళ

పోయిన శుక్రవారం నేను క్లాసులో ఉండగా కబురొచ్చింది, మా అత్తమ్మ ఇక లేదని. బోర్డు మీద సగం రాసిన లెక్క అలాగే వదిలేసి వచ్చాను. నేను ఈరోజు టీచరుగా ఉన్నానంటే అది ఆమె పట్టుదల వల్లే. ఆ సంగతి నలుగురికీ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

పదేళ్ళ కిందటి మాట. పలమనేరులో ఉండేవాళ్ళం. చిత్తూరు దారిలో ఒక పల్లెబడిలో నాకు ఉద్యోగం వచ్చింది. పొద్దున ఆరు గంటల బస్సు తప్పితే బడి వేళకు చేరుకోలేను. పాపకు ఆరేళ్ళు, బాబుకు నాలుగు. వాళ్ళ నాయన పాలకేంద్రం నుంచి ఎనిమిదిన్నరకు గానీ రాడు. ఆయనతో ఆడుకుని పిల్లలు పదింటికి పడుకునేవాళ్ళు. తెల్లారి లేపకుండా వెళితే బాబు నాకోసం బెంగపడి సాయంత్రం దాకా ముద్ద ముట్టడు. లేపితేనేమో నిద్ర చాలక ఏడుస్తూ నా కొంగు వదలడు. రెండుసార్లు బస్సు తప్పింది. "మూడోసారైతే పైకి రాయక తప్పదమ్మా" అన్నారు హెడ్మాస్టరు.

ఉద్యోగం మానేస్తానన్నాను. రాగులు చెరుగుతున్న అత్తమ్మ చేట పక్కన పెట్టింది.

"నేను బడి గడప తొక్కలే. నువ్వు తొక్కినావు. ఇంగ ఎనక్కి వచ్చేది లేదు. పిల్లోళ్ళ నిద్దర సంగతి నాకొదిలెయ్."

అప్పటికే నేనొకసారి ఏడింటికే దీపం ఆర్పి చూశాను. దుప్పటి కింద ఇద్దరూ కితకితలు పెట్టుకుంటూ వాళ్ళ నాయన వచ్చిందాకా మేలుకునే ఉన్నారు. ఆ మాట చెబితే అత్తమ్మ పకపకా నవ్వింది.

"నిద్దరను చెయ్యి పట్టి లాక్కొస్తే వస్తాదా? కొంచిం కొంచింగా జరపాల."

పడక కంటే ముందు ఆమె తిండివేళ జరిపింది. మూడు రోజులకోసారి పావుగంట ముందుకు. రాగిసంగటి, కాళ్ళు కడగడం, కథ. ఆ వరస ఒక్కరోజూ తప్పనియ్యలేదు. మధ్యాహ్నం బాబుకు కునుకు పట్టబోతే కొట్టంలో దూడ దగ్గరికి తీసుకుపోయేది. ఇంటికి చుట్టాలొచ్చినా సరే, వాళ్ళనే మెల్లగా మాట్లాడమనేది. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయ్యేది.

అన్నిటికంటే పెద్ద అడ్డం ఆమె కన్నకొడుకే. ఆయన గొంతు వినిపిస్తే చాలు, పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. అందుకని వాళ్ళు నిద్రపోయిందాకా అరుగు మీదే ఉండమంది. పలమనేరు చలిలో దుప్పటి కప్పుకుని, పాపం, అక్కడే సంగటీ ఊరిబిండి పచ్చడీ తినేవాడు. ఒకరోజు దగ్గాడు. "నాయనొచ్చినాడు!" అంటూ ఇద్దరూ బయటికి ఉరికారు.

"దగ్గు ఆపుకోలేవా అబ్బా?"

"దగ్గు నా మాట వింటాదా మా?"

"పొద్దున్నే లేసి ఎంతసేపైనా ఆడిచ్చుకో. రాత్రి మాత్రం నువ్వు ఇంట్లో లేవు, అంతే."

ఎంత మొండి మనిషో అని నాకే కోపం వచ్చేది. ఆ మొండితనానికి ఇప్పుడు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నెల తిరిగేసరికి ఎనిమిదికే పిల్లలకు ఆవులింతలు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున బాబు ఎవరూ లేపకుండానే లేచాడు. అత్తమ్మ వాణ్ణి చంకనెత్తుకుని బస్సు దాకా వచ్చింది. ఎక్కి కూర్చున్నానే గానీ, వాడు ఎక్కడ ఏడుపు అందుకుంటాడోనని వాడి మొహం మీంచి చూపు తిప్పుకోలేదు.

"పోయిరా మా" అని వాడు చెయ్యి ఊపాడు.

బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు. వాణ్ణి ఎత్తుకున్న మా అత్తమ్మ, అంత గట్టి మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిరోడ్డు మీద వెక్కి వెక్కి ఏడుస్తోంది.