తాళాలక్క బోర్డు మీది తాళంచెవులు

ఏడాదిగా ఎదురుచూసిన నేరాల సీరియల్ కొత్త సీజన్ ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. తాళాలక్క కొట్టు మూసి, టీవీ ముందు కూతురి పక్కన కాళ్లు బారజాపుకుని కూర్చుంది. మొదటి ఎపిసోడ్‌లో హత్య జరిగింది. రెండో ఎపిసోడ్‌లో హంతకుడికి దొంగ తాళంచెవి చేసిపెట్టినవాడు దొరికాడు. ఎవరయ్యా అంటే, అపార్ట్‌మెంట్ గేటు పక్కన కూర్చునే తాళాలవాడు.

"సబ్బు మీద అచ్చు చూసి రెండు నిమిషాల్లో చేసేశాడా? ఎదురుగా తాళం లేకుండా నేను ఆకురాయి ముట్టుకోను" అని అక్క టీవీ మీద విరుచుకుపడింది.

"కథే కదమ్మా."

"కథ వాళ్లది. పరువు నాది."

ఆమెకు కోపం రాక ఏం చేస్తుంది? మొగుడు పోయాక అతని పనిముట్లు అందుకుని, పదహారేళ్లుగా అలాంటి గేటు పక్కనే రేకుల కొట్టులో బతుకుతోంది. కొట్టు లోపలి గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. దాని మేకులకి నలభై ఒక్క తాళంచెవులు వేలాడుతుంటాయి. తలుపు దానంతటదే లాక్ పడిపోయి తాము బయట ఉండిపోతే పనికొస్తుందని అపార్ట్‌మెంట్‌లో ఇంటికొకటి చొప్పున ఆమె దగ్గర దాచుకున్నవి. దేనిమీదా పేరు గానీ నంబరు గానీ ఉండదు. ఏది ఎవరిదో అక్కకే తెలుసు.

సోమవారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చి నీళ్లు నములుతూ నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకక్కా. ఆ సీరియల్ చూశాక మనవాళ్లు కాస్త భయపడుతున్నారు. నెలాఖరుకల్లా కొట్టు ఇంకెక్కడికైనా మార్చుకుంటే బాగుంటుంది."

"మీరూ చూశారా?"

"రెండు ఎపిసోడ్లూ చూశాను."

"ఇంతకీ చంపిందెవరంటారు?"

"తాళాలవాడు మాత్రం కాదు. పాపం, వాడికేమీ తెలీదు" అనేసి ఆయన నాలిక కరుచుకున్నాడు.

అక్కకి ఒళ్లు మండిపోయింది. బోర్డు మీది తాళంచెవులన్నీ బుట్టలో వేసుకుని మెట్లెక్కింది. ప్రతి తలుపూ తట్టింది. "మీ ఇంటి తాళంచెవి. నా దగ్గరుంటే భయమట, తీసుకోండి. కొట్టు మాత్రం కదలదు" అని చేతిలో పెట్టింది. కొందరు తలొంచుకుని తీసుకున్నారు. మూడో అంతస్తు ముసలమ్మ మాత్రం చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "నన్నెవరడిగారే? మోకాళ్ల నొప్పులదాన్ని, నాది నీ దగ్గరే ఉండాలి" అని తగువేసుకుంది. ఆమెను చూసి ఇంకో పదకొండు ఇళ్లవాళ్లు ఇచ్చినవి తిరిగి తెచ్చి బుట్టలో వేశారు.

చివరికి సెక్రటరీ వంతు వచ్చింది. అప్పటికి ఆయనే మెట్ల మీదికి దిగి వచ్చాడు.

"నాదీ నీ దగ్గరే ఉండనీ అక్కా. నా మతిమరుపు నీకు తెలీనిదా?"

"కొట్టు ఇక్కడే ఉంటుందని కాగితం మీద సంతకం పెట్టివ్వండి, ఉంచుతాను" అంటూ తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టింది. "మూడో ఎపిసోడ్ వచ్చే ఆదివారం మధ్యాహ్నం. కొట్టు మూసే ఉంటుంది. తలుపు చూసుకుని వేసుకోండి సార్."