నేల తాకని పాదం: వరహాలమ్మ టీచరమ్మ

బోటాటౌంగ్‌లో నేను పనిచేసే ఓడల కంపెనీ ఆఫీసుకు వెళ్తూ బస్సులో నిలబడి ఉండగా ఫోను మోగింది. తామ్వే పేటలో మా తెలుగువాళ్ళ కోవెల వ్యవహారాలు చూసే పెద్దాయన గొంతు. "టీచరమ్మ ఎల్లిపోనారమ్మా. నిద్రలోనే. పొద్దున్న పక్కింటామె తలుపు కొడితే పలకనేదట." బదులుగా నేనేమన్నానో నాకు గుర్తులేదు. తర్వాతి స్టాపులో దిగాను. దిగే ముందు కడ్డీ పట్టుకుని, బస్సు పూర్తిగా ఆగిందో లేదో చూసుకుని, అప్పుడు కాలు కింద పెట్టాను. ఆ దుర్వార్త చెవిలో మోగుతుండగానే ఆమె నేర్పిన పని నా ఒళ్ళు తనంతట తాను చేసేసింది. అది గ్రహించాకనే నాకు ఏడుపు వచ్చింది. రోడ్డు పక్కన నిలబడి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాను.

వరహాలమ్మ గారి తాతలు శ్రీకాకుళం తీరం నుంచి బర్మాకు, ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చిన వాళ్ళు. ఆమె తామ్వేలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. బడిలో ఆమెకు బర్మా పేరు, డా మ్యా. సాయంత్రాలు కోవెల వెనక హాలులో మా తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు మాత్రం వరహాలమ్మ టీచరమ్మ. మా వాళ్ళ నాలుకల మీద ఒత్తులు ఎప్పుడో అరిగిపోయాయి. ఆమె నాలుక మీదా అంతే. అయినా పలక మీద ఒక్క ఒత్తు తప్పినా ఊరుకునేవారు కారు. "నోటితో ఎలాగన్నా అను. సేత్తో మాత్రం సరిగ్గా రాయి. నోరు మన ఈదిది, సెయ్యి మన పెద్దలది" అనేవారు. నేనీ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ చేతి చలవే.

ఆమెకు బస్సు ప్రమాదం జరిగేనాటికి ఈ నగరంలో బస్సులు ఒకదానితో ఒకటి పందెం వేసుకునేవి. ఎంతమందిని ఎక్కించుకుంటే అంత రాబడి. అందుకని స్టాపులో ఏ బస్సూ పూర్తిగా ఆగేది కాదు. నెమ్మదించేది, అంతే. జనం పరుగెత్తి ఎక్కాలి, దూకి దిగాలి. పరుగెత్తలేని వాళ్ళకి నగరం లేదు. ముసలివాళ్ళు, గర్భిణులు, కళ్ళు కనబడనివాళ్ళు ఇళ్ళలోనే ఉండిపోయేవారు. ఒక వర్షాకాలపు ఉదయం టీచరమ్మ గొడుగు మడుచుకుని దిగుతుండగా బస్సు కదిలింది. తడిసిన మెట్టు మీద జారి, కాలిబాట అంచుకూ వెనక చక్రానికీ మధ్య పడిపోయారు. ఎడమ కాలు మోకాలి కిందనుంచి తీసేయవలసి వచ్చింది.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆమె నాతో ఒక విచిత్రమైన మాట అన్నారు. కిటికీ కింద రోడ్డు మీద బస్సు బ్రేకు వేసిన చప్పుడు వినబడగానే దుప్పటి కేసి చూశారు. "ఒసే, అది దిగతన్నాదే" అన్నారు.

"ఏటి టీచరమ్మా?"

"నా కాలు. అక్కడ నేదని నాకు తెలుసు. దానికి తెలవదు. బస్సు ఆగినప్పుడల్లా కిందకి సాపుకుంటాది. నేల తగలదు."

అది మందుల మత్తులో అన్న మాట అనుకున్నాను. కాదు. చివరిదాకా ఆమె ఆ పాదాన్ని మోశారు. కోవెల హాలులో పాఠం చెబుతూ చెబుతూ, బయట బస్సు కీచుమంటే ఒక్క క్షణం ఆగేవారు. పిల్లలు చూసీ చూడనట్టు తలలు వంచుకునేవారు. ఆ క్షణం గడిచాక ఆపిన వాక్యం నుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. కొయ్యకాలితో ఇంత అవస్థపడి బడికి ఎందుకు, ఇంట్లో ఉండిపోవచ్చు గదా అని నేనొకసారి అంటే నవ్వారు. "ఉన్న కాలు ఇంట్లో కూకోమనే అంటాది. నేని కాలే ఒప్పుకోదు."

కొన్నేళ్ళకి బస్సుల పద్ధతి మారింది. పందేలు తగ్గాయి. డ్రైవర్లకు జీతాలొచ్చాయి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఒక బర్మా మనిషి కోవెల గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. పేరు ఊ తైన్. ఆ బస్సు నడిపినవాడు. అప్పట్లో మా బస్సులు వేరే దేశం వాళ్ళు వాడి వదిలేసినవి. డ్రైవరు సీటు కాలిబాట వైపే ఉండేది, దిగేవాళ్ళు పక్క అద్దంలో కనబడేవారు. ఆయన టీచరమ్మ ముందు నేల మీద కూర్చుని, నమస్కరించి, టీచరమ్మను వాళ్ళ మాటలో 'సయామా' అని పిలిచి, బర్మా భాషలో చెప్పాడు. "సయామా, మీరు నా కంటికి కనబడలేదని కోర్టులో చెప్పాను. కనబడ్డారు. అద్దంలో మీ గొడుగు చూశాను. వెనక ఇంకో బస్సు వస్తోంది. ఈపాటికి దిగేసి ఉంటారులే అనుకున్నాను. ఇప్పటికీ ఆ అద్దంలో గొడుగే కనబడుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. టీచరమ్మ కొయ్యకాలు సర్దుకున్నారు. తర్వాత, పేరుకు పెద్దరికపు 'ఊ' బదులు చనువైన 'కో' చేర్చి అడిగారు. "ఇంకా బండి నడుపుతున్నావా, కో తైన్?"

"నడుపుతున్నాను. నన్ను క్షమించండి."

"క్షమించడం నాకు చేతనవుతుందో లేదో తెలీదు. బండి ఆపడం నీకు చేతనవును. ఆపు. చక్రం ఆగాక మనిషి దిగాలి, మనిషి దిగాక చక్రం కదలాలి. తోటివాళ్ళకీ చెప్పు."

ఆయన చెప్పాడు. డిపోలో నవ్వినవాళ్ళకీ చెప్పాడు. సెలవు రోజుల్లో టీచరమ్మను వెంటబెట్టుకుని డిపోకు తీసుకెళ్ళేవాడు. ఆమె ఉపన్యాసాలివ్వలేదు. ఆగి ఉన్న బస్సు ఎక్కి, దిగి చూపించేవారు. కుర్ర డ్రైవర్లు చేతులు కట్టుకుని చూసేవారు. ఆ ఎక్కడం దిగడం చూశాక ఎవరూ నవ్వలేదు.

ఆమె మనసంతా మా వీధి చివరి బస్ స్టాపు మీద ఉండేది. అక్కడ కాలిబాట పలకలు విరిగి, కింద మురుగు కనబడేది. కరెంటు పోయిన సాయంత్రాల్లో కూడలి సిగ్నళ్ళు కూడా ఆరిపోతే రోడ్డు దాటడం ప్రాణసంకటం. అక్కడ బస్సు మెట్టుకు సరిపడా ఎత్తులో ఒక అరుగు, దాని మీదకు చక్రాల కుర్చీ వెళ్ళేలా ఏటవాలు దారి, ఎదుట రోడ్డు మీద తెల్ల చారలు కావాలని రోడ్ల ఆఫీసు చుట్టూ తిరిగారు. మొదట రోడ్డుకు అడ్డంగా పై వంతెన కడతామన్నారు. బయటికొచ్చాక ఆమె నా భుజం పట్టుకుని, "కాలు నేదంటే నిచ్చెనేత్తామంటారేటే ఈళ్ళు!" అని పడిపడి నవ్వారు. ఆ తర్వాత వచ్చిన యువ అధికారి మంచివాడు. అరుగుకు ఒప్పుకున్నాడు. అయితే అక్కడ మొహింగా, అంటే చేపల పులుసు సేమ్యా, అమ్ముకునే మా ఎయ్ అనే ఆమె బండి తీసేయాలన్నాడు.

ఎదురుచూసింది చేతికందిన ఆ ఘడియలో టీచరమ్మ వద్దన్నారు. "ఆమె పొట్ట మీదుగా వేసిన దారిలో నేను నడవను" అని అధికారి ముఖానే అన్నారు. పని ఆగిపోయింది. నేను కోప్పడ్డాను. ఊ తైన్ బతిమాలాడు. ఆమె ప్రతి ఉదయం మా ఎయ్ బండి దగ్గర చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని మొహింగా తినడం మొదలుపెట్టారు. అడగలేదు, బతిమాలలేదు. వానాకాలం వెళ్ళేలోగా మా ఎయ్ తానే అడిగింది. "సయామా, అరుగు చివర గోడ వైపు నా బండి పట్టేంత జాగా వదులుతారా? ఎలాగూ బస్సు కోసం నిలబడేవాళ్ళేగా నా దగ్గర తినేది." అధికారి తన పటం మార్చాడు. అరుగు లేచింది.

అది పూర్తయిన రోజున ఊ తైన్ అడిగి ఆ రూటు వేయించుకున్నాడు. టీచరమ్మా నేనూ ముందటి స్టాపులో ఎక్కాం. బస్సు అరుగు పక్కన ఆగింది. ఆమె చేతికర్ర ఊని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గదిలోంచి గదిలోకి నడిచినట్టు దిగారు. మా ఎయ్ గరిటె పట్టుకునే చప్పట్లు కొట్టింది. బస్సు మాత్రం కదలలేదు. వెనక వాహనాలు హారన్లు మోగిస్తున్నాయి. ఊ తైన్ స్టీరింగు పట్టుకుని అద్దంలోకే చూస్తున్నాడు. టీచరమ్మ వెనక్కి తిరిగి, ముందు తలుపు దగ్గరకు వెళ్ళి, బడిపిల్లాడితో మాట్లాడినంత మెల్లగా అన్నారు. "వెళ్ళు, కో తైన్. నేను దిగాను."

అతను కళ్ళు తుడుచుకుని బండి కదిలించాడు.

ఆమెను ఇంటికి చేర్చి కాఫీ కలిపి ఇచ్చాను. "ఇప్పుడు మనసు కుదుటపడ్డాదా టీచరమ్మా? కాలికి నేల తగిలినాదా?" అని ఆశగా అడిగాను. ఆమె కప్పు చేతుల మధ్య పెట్టుకున్నారు.

"నేదే. ఇప్పుడూ సాపుకునే ఉన్నాది. తైన్‌కి అలాగని సెప్పకు. ఆడైనా దిగాల గదా."

దహనమైన మర్నాడు ఊ తైన్ టీచరమ్మ ఇంటికి వచ్చాడు. వాళ్ళ ఆచారం ప్రకారం పళ్ళెంలోకి నీళ్ళు వదిలి, తాను చేసుకున్న పుణ్యమేదైనా ఉంటే ఆమెకు పంచాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆయనా ముసలివాడయ్యాడు. "ఆ రోజు 'నేను దిగాను' అన్నారు. ఆమె ఎప్పుడూ క్షమించాననలేదు. అదే క్షమించడమా? మీకు ఆమె దగ్గర చనువు ఎక్కువ. నిజం చెప్పండి."

గోడ మీద ఆమె ఫోటోకు వేసిన మల్లెల దండ ఇంకా తాజాగానే ఉంది. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "అవును ఊ తైన్. ఆమె దిగిపోయారు. మీరిక అద్దం చూసుకోనక్కర్లేదు" అన్నాను.

ఆయన వెళ్ళిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు ఆయన భుజాలు కొంచెం తేలికపడ్డట్టు నాకు కనబడింది. నా కోరికే అలా చూపించిందేమో తెలియదు. ఇప్పుడు ఆఫీసుకు పోతూ వస్తూ బస్సు బ్రేకు వేసిన ప్రతిసారీ నాలో ఏదో కిందికి చాచుకుంటుంది. దానికి పేరు పెట్టలేను. తన కాలినీ, తన కాలు తీసినవాడినీ, తన దారికి అడ్డుగా ఉన్న మొహింగా బండినీ ఒకే వాత్సల్యంతో మోసిన మనిషి మా పేటలో మళ్ళీ పుట్టదు. టీచరమ్మా, ఒత్తులు తప్పకుండా రాశాననే అనుకుంటున్నాను. మీరు దాచమన్న మాటను కూడా ఇక్కడే పెట్టాను. ఇది తెలుగు. ఆయనకు చదవడం రాదు.