చివరి అర లీటరు

ఈ ఉదయం వికారాబాద్‌లోని నా షెడ్డులో ఒక కారు ఇంజన్ ఆయిల్ దించుతుంటే, వేడి నల్ల నూనె వాసనకు తాండూరు గఫూర్ భాయ్ గుర్తొచ్చారు. డిప్లొమా అయ్యాక రెండేళ్లు ఆయన కార్ల షెడ్డులోనే పనిచేశాను. నాపరాళ్ల నేల, రాళ్ల లారీలు లేపే తెల్లటి దుమ్ము, మధ్యలో ఇస్త్రీ చొక్కాతో గఫూర్ భాయ్. ఆ చొక్కాకు మరక అంటగా నేను చూసింది ఒక్కసారే.

నాకు జాబితాల పిచ్చి. చేరిన నెలకే ఒక పట్టిక రాసి గోడకు అంటించాను. ఏ కారు ఇంజన్ ఎన్ని సీసీలు, ఆయిల్ ఏ గ్రేడు, ఫిల్టరు మారిస్తే ఎన్ని లీటర్లు, మార్చకపోతే ఎన్ని, కూలెంట్ ఎంత. కార్ల యజమానులు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకునేవారు. గఫూర్ భాయ్ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు.

"మస్తు రాసినవ్ ఇంజినీర్ సాబ్. కానీ గిండ్ల ఉన్నది కంపెనీల పుట్టిన బండి. మన తానకొచ్చేది రోడ్డు మీద పెరిగిన బండి."

పట్టికలో ఎంతున్నా ఆయన చివరి అర లీటరు డబ్బాలోనే ఉంచేవారు. ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, చాయ్ తాగేంతసేపు ఆగి, ఆయిల్ మట్టం చూపే గేజు కడ్డీ తుడిచి ముంచి యజమానికే చూపేవారు. దాని మీది పై గీతకు ఎంత తక్కువైతే అంతే పోసేవారు. నాకది చాయ్‌కి సాకులా తోచేది.

ఒక మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు కోట్‌పల్లి యాదయ్య ఆయిల్ మార్చమని ట్యాక్సీ తెచ్చాడు. ఆ ఇంటికి ఆ బండే ఆధారం. వికారాబాద్‌లో రైలు దిగేవాళ్లను ఎక్కించుకోవాలని తొందరపెట్టాడు. పట్టికలో ఐదు లీటర్లు. ఐదూ పోశాను. గేజు చూడలేదు.

గఫూర్ భాయ్ తిరిగొచ్చి ఖాళీ డబ్బా చూశారు.

"యాదన్న బండికి మొత్తం పోసినవా? రాయి తగిలి దాని ఆయిల్ చాంబర్ పగిలితె చిన్నది ఏసినం. నాలుగే పడ్తది!"

ఫోన్ చేశారు. యాదయ్య అప్పటికే అనంతగిరి గుట్ట ఎక్కుతున్నాడు. వెనక నీలం పొగ వస్తోందట, ఎక్కువైన ఆయిల్ కాలే పొగ.

"ఇంజన్ బంద్ చెయ్. అడుగు గూడ కదపకు."

మేం వెళ్లేసరికి యాదయ్య రోడ్డు పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. "ఇంజన్ ఖతమా భాయ్? గిది పోతె నేను ఆగమైత."

గఫూర్ భాయ్ బండి కిందికి దూరారు. బోల్టు వదులు చేయగానే వేడి ఆయిల్ చొక్కా చేతిని ముంచేసింది. లీటరు దించి, గేజు తుడిచి యాదయ్య చేతికిచ్చారు. అతను చూశాకే ఇంజన్ స్టార్ట్ చేయించారు. కాసేపు పొగ కక్కి శుభ్రంగా నడిచింది.

"ఎవరు పోసిన్రు భాయ్ గట్ల?" అన్నాడు యాదయ్య.

"తప్పు నాది. చాంబర్ మార్చినమని బానెట్ కింద రాయాలె. రాయలే."

తిరుగు దారిలో అడిగాను. "గేజు చూడనిది నేను కదా భాయ్?"

"అది నీకెరుకైంది గద. యాదన్నకెందుకు? రేపు నువ్వొక్కనివే ఉన్నా ఆయన భరోసాగ బండి ఇయ్యాలె."

ఆ మరక ఇక పోలేదు. అయినా ఆ చొక్కా ఆయన వేసుకుంటూనే ఉన్నారు. గఫూర్ భాయ్ పోయి ఏడాది.

నా గోడ మీద ఇప్పటికీ పట్టిక ఉంది. ఇవాళ్టి కారుకు అందులో మూడున్నర లీటర్లు. మూడు దగ్గర ఆపి చాయ్ చెప్పాను. యజమాని గడియారం చూసుకున్నాడు. చాయ్ అయ్యాక గేజు తుడిచి, ముంచి తీసి ఆయన ముందు పట్టాను.

"మీరే చూడున్రి సార్."