అవ్వ గది మీద ఆరో రాయి

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంటి రేకులు లేచిపోయింది గాలివల్ల కాదు, నావల్ల. ఈ సంగతి డైరీలో కూడా రాయలేదు. మా అమ్మ పేపరైతే కూడబలుక్కుని చదువుతుంది గానీ నా డైరీ మాత్రం గడగడా చదివేస్తుంది.

అమరచింతలో మా ఇంటికి ముందువైపు స్లాబు, వెనక అవ్వ గదికి రేకులు. ఆ గదిలో అవ్వా నేనూ పడుకుంటాం. రేకుకు మేకు కొడితే బొక్కపడి కురుస్తుందని అవ్వ సిద్ధాంతం. అందుకని ఒక్క మేకూ లేకుండా కప్పంతా రాళ్ల బరువు మీదే ఉండేది. మొత్తం ఆరు రాళ్లు. ఆరోది అవ్వ పాత ఇసుర్రాయి పైబిళ్ల. గాలి ముందుగా తగిలే మూలన, రెండు రేకులు కలిసేచోట పెట్టారు. గుండ్రంగా, నున్నగా, కూర్చోవడానికే చేసినట్టు ఉంటుంది.

చుట్టాలొస్తే నేను పుస్తకం పట్టుకుని స్లాబు మీదికి పోతాను. "పెండ్లెప్పుడు?" అనే ప్రశ్నకు మెట్లెక్కే ఓపిక ఉండదు. ఆ ఎండాకాలం ఒకరోజు కాలే స్లాబు మీద కూర్చోలేక, పక్కనే ఉన్న రేకుల మీంచి ఆ ఇసుర్రాయిని లాక్కుని, ట్యాంకు నీడకు దొర్లించి దానిమీద కూర్చున్నాను. చుట్టాలు పోయారు. నేను దిగాను. రాయి అక్కడే ఉండిపోయింది. నేను చదివే నవల్లో పిల్ల అప్పుడే ఇల్లు వదిలి వెళ్లింది. మా ఇంటి కప్పు నాకేం గుర్తుంటుంది?

మూడోరోజు సాయంత్రం గాలిదుమారం వచ్చింది. ఆ మూలనున్న రెండు రేకులూ లేచాయి. ఒకటి పక్కింటి బర్రెల కొట్టం మీద పడింది. పక్కింటావిడ అరిచిన అరుపుకు వీధంతా బయటికొచ్చింది గానీ బర్రె నెమరు ఆపలేదు. రెండోది కరెంటు స్తంభానికి ఆనుకుని, ఎలక్షన్లలో ఫ్లెక్సీలాగా ఠీవిగా నిలబడింది.

తెల్లారి నాయిన పైకెక్కి చూడకుండానే తేల్చేశాడు.

"దూలాలు పుచ్చి ఉంటయి. మొత్తం పీకి స్లాబు పోద్దాం. అయ్యేదాంక నాలుగు నెల్లు అమ్మ గద్వాలల ఉంటది."

గద్వాలలో ఉండేది మా మేనత్త. ఆమె భక్తిలో పడి ఏడాదైంది. ఆ ఇంట్లో ఉల్లిగడ్డ లేదు, ఎల్లిగడ్డ లేదు. పొద్దున నాలుగింటికే తలస్నానం. కోడి పేరెత్తితే చెవులు మూసుకుంటుంది.

"నాలుగు నెల్లు కోడికూర లేకుంట నన్ను ఆడ సంపుతవా కొడుకా?" అంది అవ్వ. "రెండు రేకులు లేస్తే రెండు రేకులెయ్. జలుబైందని తలకాయ మార్సుకుంటరా?"

"ఉత్తగనే లేస్తయా అమ్మా? కప్పు పాడైతెనే లేస్తయి."

మేస్త్రి వచ్చి రేకుల పక్కన నిచ్చెనేసి ఎక్కాడు. దూలాలను సుత్తెతో ఒక్కొక్కటే కొట్టి చూస్తున్నాడు. కింద నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఒక్కమాట అంటే చాలు, అవ్వ ఇంట్లోనే ఉంటుంది. "రాయి నేనే తీసిన." గొంతుదాకా వచ్చింది కూడా. పుస్తకాల్లో ఎంతమంది నిజం ఒప్పుకుంటే మెచ్చుకోలేదు నేను! నా వంతు వచ్చేసరికి గుమ్మానికున్న పసుపు గీకుతూ నిలబడ్డాను.

"దూలాలు ఇనుమోలె ఉన్నయన్నా," అన్నాడు మేస్త్రి. "మరెట్ల లేసినయి? ఆరు రాళ్లంటిరి, ఈడ అయిదే ఉన్నయి." స్లాబు మీదికి దాటాడు. "ఓ, ఆరోది గీ ట్యాంకు కాడున్నది. గీడెవరు పెట్టిండ్రు?"

నాయిన అమ్మను చూశాడు. అమ్మ నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"నేనే," అంది అవ్వ. "మిరపకాయలు ఎండేస్తుంటే అడ్డమొచ్చింది. జరిపిన."

మోకాళ్ల నొప్పులతో అవ్వ ఆ మెట్లెక్కక మూడేళ్లయింది. నాయిన నోరు తెరిచాడు. అవ్వను చూశాడు, మెట్లను చూశాడు, నోరు మూసుకున్నాడు. కన్నతల్లితో అబద్ధమాడుతున్నావనడం కంటే రెండు రేకులు వేయించడమే ఆయనకు తేలికనిపించినట్టుంది. మధ్యాహ్నానికల్లా వంకరపోయిన రేకులను సాపు చేయించి మళ్లీ వేయించాడు. ఇసుర్రాయి దాని మూలకు అది చేరింది.

ఆ సాయంత్రం కోడికూర వండించుకుంది అవ్వ. బొక్క చీకుతూ, నావైపు చూడకుండానే మెల్లగా అంది:

"పుస్తకం సదువుకో, నేనొద్దంటనా? పైకి పోయేటప్పుడు పీట తీస్కపో. ఇంకోసారి నా ఇసుర్రాయి మీద కూసున్నవంటే నిన్నే గద్వాలకు తోల్త."