ఫ్యానమ్మ కారుకి రెండో పరీక్ష

మా అత్తగారి కారు వయసు ఇరవై ఒక్కేళ్ళు. ఏడాది కిందట దానికేదో గాలి సోకినట్టయింది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనకున్న ఎర్ర లైటు కూడా దాంతోపాటు మినుకుమనేది. బ్రేకు తొక్కితే ఎవరూ అడక్కుండానే ఇండికేటర్ వెలిగేది. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజను నీరసంగా నాలుగు మూలుగులు మూలిగి ఊరుకునేది. దయ కలిగితే ఐదోసారికి లేచేది. ఆ బండేసుకుని ఆవిడ ఊరంతా తిరిగేవారు.

ఆవిడని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఊళ్ళో సగం మందికి ఆవిడ ఫ్యానమ్మ. ఫ్యాన్ల మోటార్లకి రాగితీగ చుట్టే కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. అది మూతపడేసరికి ఆవిడకి యాభై మూడు. తోటివాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళి కూర్చుంటే ఈవిడ వెళ్ళి డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఈ పాతకారు కొని, వెనక సీటు మడిచి, అక్కడ పనిముట్ల పెట్టె పెట్టుకుని, ఎవరింట్లో ఫ్యాను ఆగితే వాళ్ళింటికి వెళ్ళి బాగుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు అరవై ఒకటి. మూడో అంతస్తులో పని పడినా నిచ్చెన భుజానికెత్తుకుని మెట్లెక్కుతారు. కిందినుంచి ఎవరైనా సాయం రానా అని అడిగితే, వద్దు, మీరు మెట్ల మీద అడ్డు నిలబడకుండా ఉంటే చాలంటారు.

మామగారు బోర్డులు రాసే పెయింటరు. ఆయన రాసిన అక్షరాలు కొలబద్ద పెట్టి చూసుకోవచ్చు. ఇప్పుడు బోర్డులన్నీ మిషన్లే అచ్చేస్తున్నాయి కాబట్టి ఆయన చేతిలోని బ్రష్షు ఇంటి తలుపులు, గేటు, పూలకుండీల మీద తిరుగుతూ ఉంటుంది. కదలకుండా ఒకచోట ఉన్న వస్తువేదీ ఆయన చేతినుంచి తప్పించుకోలేదు.

ఇక నేను. బండ్ల బీమా ఆఫీసులో పని. గుద్దుకున్న కార్లని చూసి రిపోర్టు రాస్తాను. పదహారేళ్ళుగా విరిగిన బండ్లే చూస్తున్నాను కాబట్టి బండ్ల గురించి నాకు తెలియంది లేదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని మా ఆవిడ ఎప్పుడూ సవాలు చేయలేదు, ఎందుకంటే వినలేదు.

పాతబండ్లకి చేసే తనిఖీలో అత్తగారి కారు మొదటిసారి ఫెయిలైంది. సన్నగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకునే అధికారి ఒకాయన ఇండికేటరు, బ్రేకు లైటు, స్టార్టింగు అని మూడు చోట్ల అడ్డగీతలు గీసి పదిహేను రోజులు గడువిచ్చారు. రెండోసారి కూడా ఫెయిలైతే బండి తుక్కుకే.

ఆ సాయంత్రం మా ఆవిడా నేనూ వాళ్ళింటికి వెళ్ళి చెప్పాల్సిందంతా చెప్పాం. ఇంత వయసులో నిచ్చెనలేమిటి, ఈ డొక్కు బండేమిటి, పోనీయండి, హాయిగా ఇంట్లో కూర్చోండి అన్నాం. ఇంకో కారు కొనే స్తోమత ఆవిడకి లేదు. మేం కొనిస్తే పుచ్చుకునే మనిషి కాదు. బండి పోతే పని పోయినట్టే, పని పోతే ఆవిడ నాలుగు గోడల మధ్య కూర్చున్నట్టే. ఇది మాకూ తెలుసు. తెలిసే అన్నాం, మంచికే అనుకున్నాం.

ఆవిడ అంతా విని, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా చెప్పారు. "ఈసారి కూడా ఫెయిలైతే బండి తుక్కుకిచ్చేసి మీరు చెప్పినట్టే ఇంట్లో కూర్చుంటాను. పాసైతే మాత్రం ఈ మాట మళ్ళీ నా ముందు ఎత్తకూడదు. సరేనా?"

సరేనన్నాం. మా ఆవిడ దారిలో నాతో, అమ్మ మాట తప్పదు, ఒకవేళ ఫెయిలైతే నిజంగానే కూర్చుంటుంది, అప్పుడెలా ఉంటుందో తల్చుకుంటే భయంగా ఉంది అంది. సలహా ఇచ్చిన గంటకే ఇలా మెత్తబడితే ఎలాగని విసుక్కున్నాను. కానీ నాకూ లోపల ఎక్కడో గుచ్చుకుంది.

అందుకే తర్వాతి ఆదివారం నేనే రంగంలోకి దిగాను. కొత్త బల్బులు వేశాను. ఇండికేటర్ టిక్కుటిక్కుమనిపించే డబ్బీ మార్చాను. బ్రేకు పెడల్ కింది స్విచ్చి మార్చాను. కొత్త బ్యాటరీ కూడా తెచ్చి బిగించాను. తర్వాత దర్జాగా ఎడమ ఇండికేటర్ వేశాను. ఎర్ర లైటు మునుపటికంటే కాంతిగా మినుకుమంది. కొత్త బల్బు కదా.

అత్తగారు నవ్వలేదు, అదే నన్ను చంపింది. "అల్లుడుగారూ, ఒకసారికి ఒక్కటే మార్చాలండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది మంచిదో ఏది చెడ్డదో మనకెలా తెలుస్తుంది?" అన్నారంతే.

పరీక్ష శనివారం. శుక్రవారం పొద్దున ఆవిడ ఫ్యాన్ల పనికి సెలవు పెట్టి కారు ముందు పాత దుప్పటి పరిచారు. నేనూ సెలవు పెట్టాను. వాళ్ళ సందు ఎంత ఇరుకంటే కారు ఎడమ తలుపులు గోడకానుకుని ఉంటాయి, ఎవరైనా కుడివైపునుంచే ఎక్కాలి. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, చెప్పినప్పుడు బ్రేకు తొక్కడం, చెప్పినప్పుడు వదలడం నా పని అన్నారు. పదహారేళ్ళ అనుభవానికి దక్కిన ఉద్యోగం అది.

ఆవిడ పని చేసే తీరు అప్పుడే దగ్గరగా చూశాను. చేతిలో ఉన్నదల్లా ఒక చిన్న బల్బు. దానికి రెండు తీగలు, ఒక తీగ చివర పట్టుకునే క్లిప్పు, రెండోదాని చివర మందపాటి కుట్టుసూది. కార్ఖానాలో నేర్చుకున్న పద్ధతి ఇంకొకటి ఉంది. చూసిన ప్రతి తీగకీ దారం ముడి వేస్తారు. బాగున్నదానికి తెల్లదారం, అనుమానం ఉన్నదానికి ఎర్రదారం. ముడి పడ్డ తీగ జోలికి మళ్ళీ వెళ్ళరు. తొందరపడరు, ఊహించరు, ఒక్క తీగని దాటెయ్యరు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ఫ్యూజుల పెట్టె, స్టీరింగు కింది స్విచ్చి, కాళ్ళ కింది చాప ఎత్తి దాని కిందినుంచి వెళ్ళే తీగల కట్ట, అలా వెనక్కి జరుగుతూ వచ్చారు. తొక్కండి అంటే తొక్కాను. వదలండి అంటే వదిలాను. పదకొండయ్యేసరికి బండి లోపలంతా తెల్లముడులు. నా కుడికాలు తిమ్మిరెక్కింది.

మామగారు ఈలోగా చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు. అప్పుడప్పుడు వంగి, ఇక్కడ కాస్త పెచ్చు లేచిందే అని గోరుతో తడుముతున్నారు.

చివరికి అత్తగారు వెనక డిక్కీ తెరిచి ఎడమ లైటు దగ్గరికొచ్చారు. లైటుకి వచ్చే తీగలన్నిటికీ తెల్లముడి పడింది. కరెంటు నిక్షేపంలా వస్తోంది. మరి రోగమెక్కడ? ఆవిడ పెదవి బిగించి ఆ లైటు వైపే చూశారు. పరీక్ష రేపే. ఆ పెదవి బిగింపు చూసి మొదటిసారి నాకు భయమేసింది. ఇంట్లో కూర్చోవాల్సిన మనిషి ఆవిడైతే, అలా కూర్చోబెట్టినవాణ్ణి నేనవుతాను.

"వెళ్ళే దారి బాగానే ఉంది," అన్నారు తనలో తను. "తిరిగొచ్చే దారి చూడలేదు."

నాకర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. కరెంటు బల్బుదాకా వెళ్తే సరిపోదు, మళ్ళీ బ్యాటరీకి చేరాలి. కారులో తిరుగుదారికి వేరే తీగ ఉండదు, బండి ఇనుప ఒళ్ళే ఆ దారి. ప్రతి లైటు దగ్గరా ఒక నల్లతీగని బోల్టుతో ఆ ఇనుముకి బిగిస్తారు. ఆ బోల్టు దగ్గర దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, పక్క బల్బులోంచి దూరి పోతుంది. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు వెలగడం అందుకే. నేను మార్చిన నాలుగు వస్తువులూ ఏ పాపమూ ఎరగవు.

బల్బు క్లిప్పుని బ్యాటరీనుంచి తెచ్చిన తీగకి తగిలించి, సూదిని ఆ నల్లతీగ చివర ఆనించారు. బల్బు వెలగలేదు. పక్కనే రంగు గీకి ఇనుముకి ఆనించారు. భగ్గున వెలిగింది. స్పానరు తీసుకుని బోల్టు విప్పారు. దాని కింద నున్నగా, అందంగా, మూడు పూతల మీగడరంగు పెయింటు.

అందరం ఆ రంగు వైపు చూశాం. తర్వాత మామగారి వైపు చూశాం.

కిందటేడాది ఆయన కారంతా తుప్పు గీకి రంగు వేశారు. వేరెవరైనా అయితే బోల్టు మీదే రెండు పూతలు పూసేసి పోయేవారు, ఏ గొడవా ఉండేది కాదు. ఈయన పనిమంతుడు. ప్రతి బోల్టూ విప్పి, కింద గీకి, మూడు పూతలు వేసి, ఆరాక మళ్ళీ బిగించారు. బోల్టు మరల్లోంచి ఎంతోకొంత కరెంటు కొన్నాళ్ళు పోయింది, తర్వాత అదీ తగ్గింది. ఆయన పనిదొంగ అయ్యుంటే బండి నిక్షేపంగా ఉండేది. బండి ముందువైపు బ్యాటరీ నల్లతీగ బోల్టు విప్పి చూస్తే దాని కిందా అదే మీగడరంగు. పొద్దుటి మూలుగులు అక్కణ్ణుంచే.

మామగారి మొహంలో నెత్తురు లేదు. నాకైతే పకపకా నవ్వాలనిపించింది, ఆ మొహం చూసి ఆగిపోయాను.

"నాకు కరెంటు తెలీదు," అన్నారాయన. "తుప్పు తెలుసు. రోజూ ఒక్కదానివే వెళ్తావు. ఏ రోడ్డు మధ్యలోనో కింద రేకు ఊడిపోతే? నేనేం చేయగలను, రంగు వేయగలను. అదే వేశాను."

అత్తగారు చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ గేటు దాటి వెళ్ళాక ఆయన ఏం చేస్తుంటారో ఎవరం అడగలేదు. ఆవిడా అడగలేదనుకుంటాను. స్పానరు నాకిచ్చి, గరుకు కాగితం ఆయన చేతికిచ్చారు.

"ఏవండీ, ఈ బోల్టు కూర్చునేంత మేర గీకాలి. మీ రంగు మీద నేను చెయ్యి వెయ్యను. మీరే గీకండి."

ఆయన గీకారు. తన పనిని తనే చెరుపుకోవడం అంత తేలిక కాదు, కానీ గుండ్రంగా, బోల్టు తల ఎంతో అంతే, వెంట్రుకవాసి ఎక్కువ కాకుండా గీకారు. ఆవిడ తీగ పెట్టి, బోల్టు గట్టిగా బిగించి, ఇప్పుడు పైన ఎన్ని పూతలు కావాలంటే అన్ని వేసుకోండి, లోపల మాత్రం ఇనుము ఇనుముకి తగలాలి అన్నారు. ఆయన పరుగున వెళ్ళి బ్రష్షు తెచ్చారు. ఇలాంటి బోల్టులు ఏడు తేలాయి. మధ్యాహ్నం భోజనం సాయంత్రం నాలుగింటికి తిన్నాం. తాళం తిప్పగానే ఇంజను ఒక్క ఊపున లేచింది. ఎడమ ఇండికేటర్ వేస్తే అదొక్కటే వెలిగింది. అత్తగారు డిక్కీ దగ్గర నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. మడిచి ఉండే వెనక సీటు నా కోసం ఎత్తారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, చేతికి మాత్రం మీగడరంగు మరక. కళ్ళజోడాయన ఇండికేటర్లు చూశారు, బ్రేకు చూశారు. అంతటితో ఆగక హెడ్‌లైట్లు, వైపరు, హారను, ఇండికేటరు, బ్రేకు అన్నీ ఒక్కసారే వేయమన్నారు. అత్తగారు అన్నీ వేశారు. బండి చలించలేదు. ఆయన వెనక్కి వెళ్ళి, ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఏ షెడ్డులో చేయించారని అడిగారు.

"ఇంట్లోనేనండి," అన్నారావిడ. "కరెంటు పని నాది. తుప్పు పని మా ఆయనది. మా అల్లుడుగారు బ్రేకు తొక్కారు."

నా పేరు అంత గౌరవంగా ఏ రిపోర్టులోనూ రాలేదు. ఆయన కాగితం మీద ముద్ర వేసి, ఐదేళ్ళ దాకా రానక్కర్లేదన్నారు. ఆవిడ ఆ తేదీ చూసుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టి, అప్పుడు కూడా ఇదే కౌంటరుకి రావాలా అని అడిగారు.

బయటికొచ్చాక నేను హోటల్లో భోజనం పెట్టిస్తానన్నాను. ఆవిడ వినిపించుకుంటేగా. రెండు రోజులనుంచి ఫ్యాను లేక ఉడికిపోతున్న ఇల్లొకటుంది, నిచ్చెన పెట్టాలంటే వెనక సీటు మడవాలి, మీరిద్దరూ ఇక్కడ దిగండి అన్నారు. బస్టాపు దగ్గర మమ్మల్ని దింపి, సీటు మడిచి, వెళ్ళిపోయారు.

నేను మా ఆవిడకి ఫోను చేసి, పాసైంది, ఇక ఆ మాట ఎత్తకూడదు అన్నాను. బతికించావు, అంది. అదేదో నేనే బాగుచేసినట్టు.

ఫోను పెట్టేసి, మామగారూ, ఆవిడ మళ్ళీ ఒక్కరే వెళ్ళారు, మీకు భయం పోయిందా అని అడిగాను.

"ఎక్కడ పోతుందండీ," అన్నారాయన. "ఉంటే ఉండనీండి. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరింట్లో ఏమైందో అన్నీ చెప్తుంది. అవి వినకపోతే నాకు ముద్ద దిగదు." బస్సు వచ్చింది, ఆయన చూడలేదు. కారు వెళ్ళిన వైపే చూస్తున్నారు. నేనూ ఆయన్ని తొందరపెట్టలేదు, తర్వాతి బస్సెక్కాం.